ఒక బీడీ సేపు

నర్సింగం నవ్వాడంటే ఎవరో ఒకరి పరువు పోయిందని సూరత్‌లోని లింబాయత్ మగ్గాల కార్ఖానాల్లో అందరికీ తెలుసు. పైకి గరుకే కానీ మనసు వెన్న అని చెప్పి ఈయన సంగతి మొదలుపెట్టవచ్చు. నాకు అంత ఓపిక లేదు. లోపల కూడా గరుకే. పని మాత్రం గట్టిగా వచ్చు. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి మీసాలు మొలవకముందే సూరత్ వచ్చి, కొన్నేళ్లు సాంచాలు నడిపాడు. కరెంటు మగ్గాన్ని మనవాళ్లు సాంచె అంటారు. తర్వాత వైరింగ్ పని నేర్చుకుని అదే కార్ఖానాలో కరెంటు మేస్త్రీ అయ్యాడు. యాభై దాటినా ఒంట్లో పట్టు తగ్గలేదు, నోట్లో అంతకన్నా తగ్గలేదు.

ఆయనకు పని నేర్పినవాడు లింగం అని ఒక ముసలాయన. కార్ఖానాలో బోర్డు పక్కన ఒక ఇనుప డబ్బా ఉండేది. దాంట్లో కెపాసిటర్లు ఉంటాయి. అవి లేకపోతే మోటార్లు లాగే కరెంటుకు లెక్క కుదరక బిల్లు మీద జుర్మానా పడుతుంది, అందుకని కార్ఖానా యజమానులైన శేట్‌లు పెట్టించుకుంటారు. ఆ డబ్బాతో చిక్కు ఏమిటంటే, మెయిన్ స్విచ్ తీసేసినా దాని కడుపులో కరెంటు ఉండిపోతుంది. కాసేపు ఆగితే దానికి కట్టిన రెసిస్టర్లు ఆ మిగిలినదాన్ని మెల్లగా తాగేస్తాయి. ఆగకపోతే అది మనిషిని తాగుతుంది. ఆ రోజుల్లో ఇప్పటి శేట్ తండ్రి మేస్త్రీ వెనకాల నిలబడి చప్పట్లు కొడుతూ జల్దీ జల్దీ అని తరిమేవాడు. అలా తరుముతున్నప్పుడే లింగం చెయ్యి పెట్టాడు. వేళ్లు మాడిపోయాయి. చెయ్యి పనికిరాకుండా పోయిన మనిషిని శేట్ మర్నాటి నుంచి లోపలికి రానివ్వలేదు.

అప్పుడు నర్సింగానికి పాతికేళ్లు కూడా లేవు. మెయిన్ తీశాక ఒక బీడీ తాగి కానీ డబ్బా ముట్టనని శేట్ మొహం మీద చెప్పాడు. తెలుగు కారీగర్లందరూ సాంచాలు ఆపి ఆయన వెనక కూర్చున్నారు. శేట్ తిట్టాడు, బెదిరించాడు, చివరికి ఒక్క బీడీకి సరేనన్నాడు. రెండోది ముట్టించేది లేదని కూడా గట్టిగా చెప్పాడు. ఆ రోజు నుంచి అది ఆ కార్ఖానాలో చట్టం. మెల్లగా పక్క గల్లీల్లో మనవాళ్లున్న కార్ఖానాలన్నిటికీ పాకింది. మెయిన్ తియ్యడం, గడప అవతల కూర్చోవడం, ఒక బీడీ కాల్చడం, ఆరగానే లేచి డబ్బా తెరవడం. లోపల నూలు దూది ఎగురుతుంది కాబట్టి నిప్పు గడప దాటి రాకూడదు. గడియారం ఎవరూ చూడరు. బీడీ ఉండగా గడియారం ఎందుకు?

ఆయన బతుకులో శేట్‌ల దగ్గర గెలుచుకున్నది ఆ ఒక్కటే. పెళ్లిళ్లలో, చావుల్లో, చాయ్ బండి దగ్గర ఆ కథే చెప్పేవాడు. కారీగర్లకు నేసిన గుడ్డ మీటర్ల లెక్కన కూలి కాబట్టి సాంచె ఆగితే వాళ్లకు కడుపు మంట. ఎవడైనా "అయ్యిందా నర్సన్నా" అని అడిగాడో, వాడి ఏడు తరాలనూ బజార్లో నిలబెట్టేవాడు. తొందరపడి డబ్బా మూత మీద చెయ్యి వేసిన ఒక కుర్రాడిని చెంప మీద కొట్టాడు కూడా. ఆ కుర్రాడు ఇప్పటికీ బతికున్నాడు, అదీ నిజమే. ఒక బీడీ సేపు చాలదని ఎవరైనా అంటే మాత్రం నర్సింగం ఓర్చుకోలేడు. ఆయన పేరు, మాట, పెద్దరికం అన్నీ ఆ బీడీ మీదే నిలబడ్డాయి.

కూతురు కరుణకు సంబంధం చూడాల్సి వచ్చినప్పుడు కావాలని కరెంటు పని చదువుకున్న పిల్లవాడినే వెతికాడు. సంపత్ జగిత్యాలలో ఐటీఐ చదివాడు. నెమ్మదస్తుడు. ఇంట్లో గ్యాస్ కట్టేశాక ఒకసారి, తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చి ఇంకోసారి నాబ్ పట్టుకు చూసే రకం. కరుణ నవ్వేది. వాళ్లిద్దరూ సూరత్‌లోనే భేస్తాన్‌లో ఒక గది తీసుకుని ఉండేవాళ్లు. ఆమె చీరలకు రాళ్లు అంటించే పని ఇంటి దగ్గరే చేసేది. సంపత్ మామ దగ్గరే కార్ఖానాలో చేరాడు. చదువుకున్న అల్లుడు తన కింద పని చేస్తున్నాడని నర్సింగం మొదట్లో మురిసిపోయాడు. అల్లుడు ప్రతిదానికీ మీటర్ పెట్టి చూడటం మొదలుపెట్టాక ఆ మురిపెం తగ్గింది.

కొత్త శేట్, అంటే పాత శేట్ కొడుకు, సాంచాలు పెంచాడు. పాత డబ్బా చాలక మళ్లీ జుర్మానా పడింది. అతను మూతపడిన ఒక రంగుల మిల్లు సామానులోంచి పెద్ద కెపాసిటర్ డబ్బాలు చవగ్గా తెచ్చాడు. అన్నీ కలిపితే పాతదానికి అయిదింతలు. వాటి రెసిస్టర్లు మాడిపోయి ఉన్నాయి. కొత్తవి కొందామని సంపత్ అన్నాడు. నర్సింగం పాత డబ్బాకున్న రెసిస్టర్లు పీకి ఈ డబ్బాలన్నిటికీ కలిపి వాటినే కట్టేశాడు. శేట్ భుజం తట్టి, "నర్సింగ్‌భాయ్ జైసా కోయీ నహీ" అన్నాడు, నీలాంటోడు ఇంకొకడు లేడని. నర్సింగం ఆ మాట సాయంత్రం ఇంట్లో పెళ్లానికి రెండుసార్లు చెప్పాడు.

ఆ ఆదివారం కూతురూ అల్లుడూ లింబాయత్‌లో భోజనానికి వచ్చారు. నర్సింగం భార్య భూదేవి వడ్డిస్తోంది. సంపత్ చాలాసేపు నసిగి, చివరికి ధైర్యం చేశాడు.

"మామా, ఒక మాట చెప్త, కోపం చెయ్యకు. గా డబ్బాలకు మన బీడీ సేపు సాలది."

నర్సింగం ముద్ద నోట్లో పెట్టుకోకుండా చూశాడు.

"బయట నీళ్ల డ్రమ్ము ఉన్నది గద," అన్నాడు సంపత్. "అడుగున నల్లా ఇప్పితే ముందు జోరుగ వస్తయి. నీళ్లు తగ్గినకొద్ది ధార సన్నగైతది. కెపాసిటర్ గూడ గంతే. కొంతసేపట్ల ఉన్నదాంట్ల రెండొంతులు పోతది, మూడోవంతు మిగుల్తది. మల్ల గంతసేపు ఆగితే, గా మిగిలిందాంట్ల మల్ల మూడోవంతు. గా సేపునే టైమ్ కాన్‌స్టెంట్ అంటరు. గట్ల అయిదుసార్లు తగ్గితే ఇగ ఏం లేనట్టే. పాత డబ్బా ఒక్క బీడీల అయిదుసార్లు తగ్గేది, అందుకే ఇన్నేండ్లు నీ లెక్క తప్పలే. ఇప్పుడు డ్రమ్ము అయిదింతలైంది, నల్లా అదే. ఒక్క బీడీల ఒక్కసారే తగ్గుతది మామా. మూడోవంతు కరెంటు లోపట్నే ఉంటది. మనిషి సచ్చిపోతడు."

కరుణ అన్నం కలపడం ఆపి వింటోంది. అర్థమైంది ఆమెకు. చెప్పిన తీరు అంత తేటగా ఉంది. నర్సింగానికి కూడా అర్థమైందనే నేను అనుకుంటాను. అర్థం కాకపోతే అంత కోపం రాదు.

"నీకు పిల్లనిచ్చినోన్ని, నాకు పాఠం చెప్తున్నవా?" అన్నాడు. "నీ అయ్య లుంగీ కట్టుకోవడం నేర్వకముందే నేను గా డబ్బా తెరిచిన. నల్లా అట, డ్రమ్మట! కరెంటు నీళ్లారా? మీ బళ్లె గిదేనా చెప్పింది?"

"నేను జెప్పేది ఏందంటే, శేట్‌ను అడిగి ఇంకింతసేపు..."

"అడుగుతవు? ఒక్క బీడీ కోసం నేను వాళ్ల నాయినతోటి కొట్లాడిన. ఇప్పుడు పోయి ఇంకోటి అడుగుతె, ఉన్నది గూడ గుంజుకుంటడు. తిను, మూసుకొని తిను."

అసలు భయం అది. శేట్ దగ్గరికి వెళ్లి మళ్లీ చెయ్యి చాచాలంటే భయం. ఆ మాట ఒప్పుకోవడం చాతకాక అల్లుడిని కసిరాడు. సంపత్ తలవంచుకుని తిన్నాడు. భూదేవి అతని కంచంలో ఇంకో గరిటె కూర వేసింది. అంతకన్నా ఆమె చేయగలిగింది ఆ ఇంట్లో ఏమీ లేదు.

వానలు పట్టాక ఒక ఉదయం బోర్డు దగ్గర మాడిన వాసన వచ్చింది. కెపాసిటర్ డబ్బాల్లో ఎక్కడో బోల్టు వదులై వైరు కాలుతోంది. నర్సింగం మెయిన్ తీశాడు. సాంచాలన్నీ ఒక్కసారి ఆగాయి. ఆయన గడప అవతల కూర్చుని బీడీ ముట్టించాడు. సంపత్ లోపలే ఉండి ఏదో సర్దుకుంటున్నాడు. కారీగర్లు చెమట తుడుచుకుంటూ గోడకు జారగిలబడ్డారు. శేట్ ఆఫీసు అద్దంలోంచి ఒకసారి చూశాడు. బీడీ ఆరింది. నర్సింగం దాన్ని చెప్పుతో నలిపి, "ఆఁ, అల్లుడా, బిగియ్ ఇగ" అన్నాడు.

సంపత్ స్పానర్ తియ్యలేదు. రెండు బల్బులు వరసలో కట్టిన హోల్డర్ ఒకటి తెచ్చాడు. దాని వైర్లు కెపాసిటర్ బోల్టులకు తాకిస్తే, లోపల ఏమైనా మిగిలి ఉంటే బల్బులు ఒకసారి వెలిగి ఆరిపోతాయి. ఉన్నదేదో వాటిలో ఖర్చయిపోతుంది. ఎవరికీ నష్టం లేని పని, రెండు నిమిషాలు కూడా పట్టదు. మామను ఎదిరించకుండా ప్రాణం కాపాడుకునే దారి అతనికి అదొక్కటే దొరికింది.

నర్సింగానికి మాత్రం అది అందరి ముందు కొట్టిన చెంపదెబ్బలా తగిలింది. లేచి వచ్చి ఆ హోల్డర్ లాక్కున్నాడు. బల్బులు పైకెత్తి కారీగర్లకు చూపించాడు. నవ్వాడు.

"సూడుండ్రి, మా అల్లుడు డబ్బాకు దీపం పెడ్తడట! కొబ్బరికాయ తెండ్రిరా ఎవలన్న. హారతి గూడ పాడుదాం. చదువుకున్నోడు గద, కరెంటంటె భయం. నా బీడీ మీద నమ్మకం లేదు బిడ్డకు."

కారీగర్లు నవ్వారు. కొందరికి నిజంగా నవ్వొచ్చింది. కొందరికి సాంచాలు త్వరగా నడవాలని ఉంది. కొందరు నర్సింగం చూపు తమ మీద పడకూడదని నవ్వారు. "పెట్టు సంపతన్నా, ఏం కాదు" అని వెనకనుంచి ఎవడో అన్నాడు. నర్సింగం బల్బులు నేలకేసి కొట్టాడు. గాజు పెంకులు సంపత్ కాళ్ల దగ్గరికి వచ్చాయి.

సంపత్ మొహం ఎర్రబడింది. ఆ సిగ్గులో ఒక మనిషి ఎంత దూరం పోతాడో, అక్కడిదాకా పోయాడు. స్పానర్ తీసుకున్నాడు. ఎడమ చెయ్యి డబ్బా ఇనుప తలుపు మీద ఆనించి, కుడి చెయ్యి లోపల పెట్టాడు. టపాకాయ పేలినట్టు చప్పుడైంది. అతను వెనక్కి ఎగిరి పడ్డాడు. వెనక సాంచె ఇనుప అంచు తలకు తగిలింది. కళ్లు తెరిచే ఉన్నాయి. ఎవరో నీళ్లు పోశారు, ఎవరో అరికాళ్లు రుద్దారు, ఎవరో ఆటో కోసం పరిగెత్తారు. అతను అప్పటికే పోయాడని అక్కడ అందరికీ తెలిసిపోయింది.

శేట్ అద్దాల గదిలోంచి పరుగెత్తుకొచ్చి "క్యా హువా?" అని అడిగాడు. నర్సింగం అల్లుడి పక్కన మోకాళ్ల మీద ఉన్నాడు. ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఏడుపు కాదు.

"తొందర్పడ్డడు శేట్," అన్నాడు. "బీడీ ఆరకముందే చెయ్యి పెట్టిండు."

ఆ మాట శేట్‌కు బంగారంలా దొరికింది. పోలీసులకు అదే చెప్పాడు. లడకా జల్దీ మే థా, కుర్రాడు తొందరపడ్డాడు, అన్నాడు. కారీగర్లను అడిగితే వాళ్లు నేల చూశారు. గాజు పెంకులు ఎప్పుడో ఊడ్చేశారు. సంపత్ ఆస్పత్రి నుంచి ఇంటికి రాకముందే సాంచాలు మళ్లీ నడిచాయి.

తాపీ నది ఒడ్డున కట్టెల మీద సంపత్ కాలిపోయాడు. తర్వాత లింబాయత్‌లో నర్సింగం ఇంటికి పలకరింపులకు జనం వచ్చారు. నర్సింగం గుమ్మంలో కూర్చుని వచ్చినవాళ్లకల్లా చెప్పాడు. ఒక్క బీడీ సేపు ఆగమన్న, వినలే, కుర్రతనం. చెప్పి చెప్పి ఆ మాట నున్నగా తయారైంది. వచ్చినవాళ్లు లోపలికి వెళ్లి కరుణ పక్కన కూర్చుని, "ఒక్క బీడీ సేపు ఆగలేకపాయె గదనే, ఎంత పని జేసిండే" అని ఆమెనే ఓదార్చేవాళ్లు. చచ్చినవాడిని వాళ్లు తిడుతున్నారని వాళ్లకు తెలియదు. ఆమెకు తెలుసు.

ఒక మధ్యాహ్నం తండ్రిని నిలదీసింది.

"బాపూ, ఆయన నిజంగ ఆగలేదా?"

"ఆగలే బిడ్డా."

"గ్యాస్ కట్టేసినంక రెండుసార్లు సూసే మనిషి. డబ్బాల కరెంటు ఉంటదని మనింట్ల కూసోని చెప్పిన మనిషి. తెలిసి తెలిసి ఎందుకు తొందర్పడ్తడు?"

"నీ మీద ఒట్టు. ఆగలే."

కూతురి తల మీద చెయ్యి పెట్టి మరీ చెప్పాడు. మొగుడు పోయిన కూతురు ఆమె. ఇంతకన్నా నీచమైన పని నర్సింగం అంతకుముందు చేయలేదు. ఆ రాత్రి ఆయన బాగానే అన్నం తిన్నాడని భూదేవి తర్వాత ఎవరితోనో అంది. కరుణకు మొగుడు తిరిగి రాడని తెలుసు. సొంత తెలివితక్కువతనం వల్ల చచ్చాడన్న మాట మాత్రం అతని మీద ఉండకూడదు, అంతే ఆమె పట్టుదల. దినాలు అయ్యాక భేస్తాన్ గది ఖాళీ చేసి పుట్టింట్లోనే ఉండిపోయింది. మధ్యాహ్నం తండ్రికి టిఫిన్ డబ్బా ఆమె తీసుకెళ్లడం మొదలుపెట్టింది.

ఒకరోజు అలా వెళ్లేసరికి కార్ఖానా నిశ్శబ్దంగా ఉంది. ఆ కెపాసిటర్ డబ్బాల ఫ్యూజు పోయింది. సంపత్ పోయిన రోజు ఆ బోల్టు బిగించి మూశాక, వాటిని మళ్లీ తెరవాల్సి రావడం అదే మొదలు. నర్సింగం గడప అవతల కూర్చుని బీడీ తాగుతున్నాడు. ఎప్పుడూ లాగే నలుగురు కారీగర్లు చుట్టూ ఉన్నారు. కరుణ టిఫిన్ డబ్బా కింద పెట్టి ఆయన ఎదురుగా నిలబడింది.

"గదే డబ్బానా బాపూ?"

ఆయన పొగ వదిలి తలూపాడు.

"ఎవలు పెడ్తరు చెయ్యి?"

"నేనే. ఇంకెవలున్నరు?"

"అయితె తాగు. సగంల పారేయకు. నేను సూస్త."

ఆ గొంతు విని లోపలి కారీగర్లు కూడా ఒక్కొక్కరే గడప దగ్గరికి వచ్చారు. నర్సింగం బీడీని మామూలుకన్నా నెమ్మదిగా తాగాడు. నెమ్మదిగా తాగితే ఆరిపోతుంది, అందుకే మధ్యమధ్యలో గట్టిగా పీల్చాడు. ఎంత చేసినా బీడీ బీడీయే. నిప్పు వేలికి తగిలింది.

"అయిపాయె," అంది కరుణ. "లే బాపూ."

ఆయన లేచాడు. లోపలికి నడిచాడు. డబ్బా తలుపు తీశాడు. స్పానర్ చేతిలోకి తీసుకున్నాడు. కారీగర్లు దూరంగా గుంపు కట్టారు. అందులో ఆ రోజు నవ్వినవాళ్లందరూ ఉన్నారు. నర్సింగం చెయ్యి డబ్బా లోపలికి పోలేదు. అలాగే గాల్లో ఆగింది.

"పెట్టు," అంది కరుణ. "ఒక్క బీడీ అయింది గద. నీ లెక్క ఎన్నడన్న తప్పిందా?"

ఆయన కూతురి వైపు చూశాడు. ఆమె కళ్లలో నీళ్లు లేవు. చెయ్యి పెట్టి తండ్రి చచ్చినా ఆ క్షణాన ఆమె ఆపేది కాదు. అది ఆయనకు అర్థమైంది. అర్థమైనా, పరువు కోసం ప్రాణం ఇచ్చేంత మొనగాడు కాదు నర్సింగం. ఆ పని అల్లుడి చేత చేయించినవాడు. స్పానర్ డబ్బా మీద పెట్టేశాడు. చెయ్యి అంగీ జేబులోకి వెళ్లింది. గడప దాకా కూడా పోలేదు. అక్కడే, నూలు ఎగిరే కార్ఖానా మధ్యలో, తలవంచుకుని రెండో బీడీ ముట్టించాడు.

కరుణ కారీగర్ల వైపు తిరిగింది.

"ఆయన ఆగిండు," అంది. "ఈయన ఎంతసేపు ఆగుమంటె గంతసేపు ఆగిండు. ఇగ మీ నోళ్లు నేను మూయనక్కర లేదు."

టిఫిన్ డబ్బా అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. ఆఫీసు తలుపు తీసుకుని శేట్ బయటికి వచ్చాడు. ఆగిపోయిన సాంచాలు చూశాడు, నర్సింగం వేళ్ల మధ్య బీడీ చూశాడు.

"ఔర్ కిత్నీ దేర్, నర్సింగ్‌భాయ్?" ఇంకా ఎంతసేపని అడిగాడు.

నర్సింగం నోట్లోంచి పొగ వచ్చింది.

"తెల్వది శేట్," అన్నాడు తెలుగులోనే. "నాకు తెల్వది."